వీపు కనపడరాదు

అన్నిటికీ మూలం ఒక వీపు.

ఆ వీపు గవర్రాజుది. నీలం గళ్ల చొక్కా తొడుక్కున్న వెడల్పాటి వీపు. నిరుడు విశ్వవిద్యాలయం ఇండోర్ స్టేడియంలో స్నాతకోత్సవం జరుగుతుంటే, బంగారు పతకం అందుకుంటున్న అమ్మాయిని ఫోటో తీయడానికి అతను వేదిక ముందుకు వెళ్లి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే వెనక గ్యాలరీలోంచి ఒక విలేకరి కూడా ఫోటో తీసుకున్నాడు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీ సగం ఆక్రమించిన ఆ ఫోటోలో ముఖ్య అతిథి లేడు, పతకం లేదు, అమ్మాయి లేదు. ఉపకులపతి గారి ఎడమ చెవి ఉంది. మిగిలిందంతా నీలం గళ్ల చొక్కా. కింద 'కన్నుల పండువగా స్నాతకోత్సవం' అని వేశారు.

ఆ చెవి తనదేనని ఉపకులపతి గారు చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పుకోవాల్సి వచ్చింది. అత్తవారి వైపు వాళ్లు కొందరు నమ్మలేదు కూడా.

మామూలు మనిషికి కోపం వస్తే తిడతాడు, కాసేపటికి మర్చిపోతాడు. విశ్వవిద్యాలయానికి కోపం వస్తే కమిటీ వేస్తుంది. ఆ కమిటీ వానాకాలంలో కూర్చుని చలికాలంలో లేచింది. లేచేటప్పటికి దాని చేతిలో ఒక తీర్మానం ఉంది. "ఇకమీదట విశ్వవిద్యాలయ కార్యక్రమములందు ఛాయాగ్రాహకుని వీపు పాక్షికముగా గానీ, సంపూర్ణముగా గానీ అగుపడరాదు. వీపును మనిషి నుండి వేరుచేయుట ప్రస్తుత పరిస్థితులలో సాధ్యము కానందున, మనిషియే అగుపడరాదు."

'ప్రస్తుత పరిస్థితులలో' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి గవర్రాజుకు ఆ వీపే కాస్త జలదరించింది.

రిజిస్ట్రారు గారి దగ్గరనుంచి కబురొస్తే, ఇన్నాళ్ల పని పోయిందనుకునే వెళ్లాడు. ఆ ఊళ్లో గవర్రాజు స్టూడియో తెలియనివాళ్లు లేరు. విశ్వవిద్యాలయంలో ఎవరు చేరినా, ఎవరు రిటైరైనా, మధ్యలో ఎవరికి శాలువా కప్పినా ఫోటో అతనిదే. రిజిస్ట్రారు ఆచార్య కాళీప్రసాద్ గారు వృక్షశాస్త్రంలో పెద్ద పండితుడు. చెట్ల దగ్గర అలవాటైన నిదానంతోనే మనుషులతోనూ మాట్లాడతారు.

"గవర్రాజూ, ఈసారి కూడా ఫోటోలు నువ్వే తీయాలి. కానీ నువ్వు ఉండకూడదు," అన్నారు.

గవర్రాజు కాసేపు ఆలోచించాడు. "ఇంటి దగ్గర్నుంచి తీసెయ్యమంటారాండి?"

"దూరనియంత్రిత ఛాయాగ్రహణము అని ఒక విధానము కలదు. కెమెరాలు హాలులో ఉంటాయి. నువ్వు గదిలో ఉంటావు. గదిలోంచి మీట నొక్కుతావు. కెమెరా తన కర్తవ్యము తాను నిర్వర్తిస్తుంది."

నిజం చెప్పాలంటే ఆ మాటకు గవర్రాజుకు ప్రాణం లేచి వచ్చింది. ఇదే స్టేడియంలో ఒకసారి బ్యాడ్మింటన్ పోటీలు జరిగినప్పుడు, హైదరాబాదునుంచి వచ్చిన ఒకాయన పైకప్పు ఇనుప దూలానికి కెమెరా కట్టి కింద కుర్చీలో కూర్చుని తీయడం చూశాడు. రోజంతా ఆయన వెనకాలే తిరిగి, టీలు తెచ్చిపెట్టి, పని నేర్చుకున్నాడు కూడా. అందుకని ఉత్సాహంగా చెప్పాడు.

"రెండు కెమెరాలు చాలండి. ఒకటి పైన దూలానికి కడదాం, హాలంతా పడుద్ది. ఒకటి పక్కన స్తంభానికి కడదాం. పట్టా ఇచ్చేవారి మొహం, పుచ్చుకునేవారి మొహం రెండూ వచ్చేస్తాయండి."

"పుచ్చుకునేవారి మొహం దేనికి?" అన్నారు రిజిస్ట్రారు గారు.

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న గవర్రాజును ఎవరూ అడగలేదు.

వేదిక మీద కూర్చునే పెద్దలు ఏడుగురు కనుక కెమెరాలు ఏడు ఉండాలని తేల్చారు. ఎవరి కెమెరా వారిది. ఎవరి కెమెరా మీద వారి హోదా రాసి అట్ట తగిలించారు. అంతవరకూ బాగానే ఉంది. ఏ కెమెరా ఎంత ఎత్తున ఉండాలన్న దగ్గర పేచీ వచ్చింది. పరీక్షల నియంత్రణాధికారి గారి కెమెరా తనకన్నా పై హోదాలోని రెక్టారు గారి కెమెరా కన్నా జానెడు ఎత్తున ఉందని రెక్టారు గారు రెండు రోజులు ఆఫీసుకు రాలేదు. చివరకు హోదాను బట్టి ఎత్తు అని రాసుకున్నారు. ఆ లెక్కన అందరికన్నా పెద్దవారైన ఉపకులపతి గారి కెమెరా నేరుగా ఆయన నెత్తిమీద పైకప్పు దూలానికి చేరింది. ముఖ్య అతిథిది దానికి ఒక మెట్టు కింద. పరీక్షల నియంత్రణాధికారిది పక్క స్తంభానికి మనిషెత్తున కట్టారు. అదొక్కటే గవర్రాజు మొదట చెప్పిన చోట కుదిరింది, అదీ ఆ అధికారికి హోదా తక్కువ కాబట్టి.

పరీక్షగా తీసి చూస్తే ఉపకులపతి గారి ఫోటోలో ఆయన నడినెత్తి వచ్చింది. జుట్టుకు రంగు వేసుకున్నంత మేరా, వేసుకోని మేరా విడివిడిగా తెలుస్తోంది. గవర్రాజు భయపడుతూనే చూపించాడు.

రిజిస్ట్రారు గారు చాలాసేపు చూసి, "కెమెరాను దించుట హోదాను దించుటయే. కావున వారినే పైకి చూడమని ప్రార్థిద్దాం," అన్నారు.

ఇంటిదగ్గర ఇంకో సంగతి ఉంది. గవర్రాజుకు అసలు గుబులు అదే.

అతని భార్య మంగతాయారుకు ఈ స్నాతకోత్సవంలోనే బి.ఏ. పట్టా ఇస్తున్నారు. పదో తరగతి పరీక్షలు రాసి ఇంకా ఫలితాలైనా రాకముందే పెళ్లి చేసి పంపారు ఆమెను. అప్పట్నుంచి స్టూడియో ముందుగదిలో కూర్చుని, పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చినవాళ్ల కాలర్లు సరిచేసి, చంటిపిల్లల ముందు గిలక ఊపి నవ్వించి, మధ్యమధ్య పుస్తకం తెరిచి చదువుకుంది. దూరవిద్యలో చేరింది. చరిత్రలో రెండుసార్లు తప్పింది. మూడోసారి నెగ్గింది. ఆ రోజు స్టూడియోకు వచ్చినవాళ్లందరికీ డబ్బులు తీసుకోకుండా ఫోటోలు ఇచ్చేసింది.

ఆమె నల్ల గౌనుకు అంచు మడిచి కుట్టుకుంటుంటే గవర్రాజు పక్కన చేరి, గదీ, మీటా, ఏడు కెమెరాలూ అన్నీ చెప్పాడు. ఆమె దారం పళ్లతో తెంపి తలెత్తింది.

"అందరి పెళ్లాలకీ, అందరి కూతుళ్లకీ మీరు ఎదురుగా నిలబడి తీశారు కదా. నా వంతొచ్చేసరికి గదిలో కూర్చుంటారా?"

"తీసేది నేనే కదా తాయారూ. మీట నేనే నొక్కుతా."

"లైటు మీట కూడా మీరే నొక్కుతారు రోజూ. దాన్ని ఫోటో అంటారా ఏంటి?" అని, కాస్త తగ్గి, "మన పెళ్లి ఆల్బమ్ చూశారా ఈమధ్య?" అంది.

ఆ ఆల్బమ్ సంగతి చుట్టాలందరికీ తెలుసు. పక్క ఊరినుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు మీద నమ్మకం చాలక, తలంబ్రాల దగ్గర పెళ్లికొడుకే పీటమీదనుంచి లేచి కెమెరా లాక్కున్నాడు. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. అందులో మంగతాయారు దోసిలి నిండా తలంబ్రాలు పట్టుకుని ఖాళీ పీట వైపు చూసి నవ్వుతోంది. ఆ తర్వాత కూడా ఎక్కడికి వెళ్లినా కెమెరా వెనక ఆయన, ముందు ఆమె. ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు ఆ ఫోటోగ్రాఫరు ఇంట్లో.

"అందులో నేనొక్కదాన్నే పెళ్లి చేసుకున్నట్టుంటాను," అంది మంగతాయారు. "పోనీలే అనుకున్నా. ఎదురుగా ఉన్నారు కదా, చూస్తున్నారు కదా అనుకున్నా. ఇప్పుడు ఎదురుగా కూడా ఉండరన్నమాట."

గవర్రాజుకు అన్నం సయించలేదు. కాదంటే విశ్వవిద్యాలయం పని పోతుంది. స్టూడియో నడిచేదే దానిమీద. ఔనంటే ఈవిడ మొహం చూడలేడు.

ఈలోగా రిహార్సల్ పెట్టారు. ముఖ్య అతిథి స్థానంలో, ఇంచుమించు అదే ఎత్తున్న అటెండరు పోలినాయుడికి జరీ అంచు గౌను తొడిగి నిలబెట్టారు. గౌను పడగానే పోలినాయుడి మొహంలోకి ఎక్కడలేని గాంభీర్యం వచ్చింది. ఒక విద్యార్థి వచ్చి చేతులు చాచాడు. పోలినాయుడు పట్టా అందించాడు. ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని ముందుకు తిరిగారు.

తిరిగి, అలాగే ఉండిపోయారు.

ఇక్కడ మన సభల మర్యాద ఒకటి ఉంది. ఇచ్చేవారు ఇస్తారు, పుచ్చుకునేవారు పుచ్చుకుంటారు, కానీ ఇద్దరూ వదలరు. ఫోటోగ్రాఫరు "అయిపోయిందండి" అనాలి. ఆ మాట వినపడేదాకా శాలువా గాల్లోనే ఉంటుంది, దండ మెడలో పడదు, రిబ్బను రెండు ముక్కలు కాదు. మన దగ్గర ఏ పనీ చేసినందువల్ల పూర్తి కాదు, ఫోటో తీసినందువల్ల పూర్తవుతుంది. ఇప్పుడు ఆ మాట అనే మనిషిని తీసేశారు. ఏడు కెమెరాల మీద ఏడు ఎర్రదీపాలు వెలిగాయి. పోలినాయుడు ఒక దీపం వైపు చూశాడు, కుర్రాడు ఇంకో దీపం వైపు చూశాడు. గవర్రాజు గదిలోంచి ఏడు ఫోటోలూ ఎప్పుడో తీసేశాడు. ఆ సంగతి వాళ్లకు చెప్పేవాళ్లెవరు?

రిజిస్ట్రారు గారు మొదట అదేదో హుందాతనం అనుకుని ముచ్చటపడ్డారు. టీలు వచ్చాయి. అందరూ తాగారు. వాళ్లిద్దరూ ఇంకా పట్టుకునే ఉన్నారు.

"పోలినాయుడూ, ఇక వదలవయ్యా," అన్నారు.

"ఫోటో అవ్వలేదు కదండి బాబూ," అన్నాడు పోలినాయుడు, మెడ తిప్పకుండా.

ఫోటో అయినట్టు గంట కొట్టాలని అక్కడికక్కడే నిర్ణయించారు. గంట తెప్పించారు. ఉపకులపతి గారు స్వాగతోపన్యాసం సాధన చేస్తూ, "ఈ సరస్వతీ నిలయంలో" అన్నారో లేదో, గవర్రాజు ఆయన ఫోటో తీయడం, గంట మోగడం జరిగింది. ఆయన ఠక్కున ఆపి వెళ్లి కూర్చున్నారు. సభల్లో గంట మోగితే టైము అయిపోయినట్టని ఆయన ముప్ఫై ఏళ్ల అలవాటు. చేతుల్లో ఉపన్యాసాలు పట్టుకుని కూర్చున్న డీన్లు కూడా కాగితాలు మడిచి జేబుల్లో పెట్టుకున్నారు. గంట రద్దయింది.

దాని బదులు ఛాయాచిత్ర ధ్రువీకరణ మండలి అని ఒకటి వేశారు. వెలుతురు చూడటానికి భౌతికశాస్త్రం ఆచార్యులు, చిరునవ్వు చూడటానికి మనస్తత్వశాస్త్రం ఆచార్యులు, వారితోపాటు న్యాయశాస్త్రం ఆచార్యులు. న్యాయశాస్త్రం వారు దేనికో ఎవరూ అడగలేదు. ప్రతి ఫోటో తెర మీద వారి ముందుకు రావాలి. వారు చూసి తలలూపితే రిజిస్ట్రారు గారు మైకులో "ధ్రువీకరించడమైనది" అంటారు. అప్పుడు పట్టా వదలాలి. కళ్లు మూతపడినా, నవ్వు చాలకపోయినా "పునః" అంటారు. అప్పుడు వదలకూడదు.

ఇక అక్కడినుంచి ఉత్తర్వులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ప్రతిదానికీ కారణం ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. ముందు వరసల్లో తలలు అడ్డొస్తున్నాయని ముందు వరసలు తీసేశారు. తీశాక రెండో వరస ముందు వరస అయింది. దాన్నీ తీశారు. చప్పట్లు కొడితే స్తంభాలు అదిరి ఫోటో చెదురుతోందని, "హర్షమును మనసునందే వ్యక్తపరచవలెను" అని బోర్డు పెట్టారు. మనసులో వ్యక్తపరిచేవాళ్లకు హాలు దేనికని ఎవరో అడిగారు. న్యాయమైన ప్రశ్న అన్నారు. విద్యార్థుల తల్లిదండ్రులకు, బంధువులకు హాస్టలు మెస్సులో తెర కట్టించారు. స్టేడియం ఖాళీ అయింది. ఫోటోలు అద్దంలా వచ్చాయి.

అంతా కుదిరిందనుకుంటే ఐదో కెమెరా తీసిన ఫోటోలో మూడో కెమెరా కనపడింది.

"మనిషి వలదని యంత్రమును తెచ్చితిమి. యంత్రము మాత్రము ఏల అగుపడవలెను?" అన్నారు ఉపకులపతి గారు.

రిజిస్ట్రారు గారిలోని వృక్షశాస్త్రం అప్పుడు మేల్కొంది. కెమెరాలన్నిటికీ బంతిపూల దండలు, మామిడాకులు చుట్టించారు. బయటికి చూడటానికి గాజుకన్ను అంత సందు వదిలారు. హోదాను బట్టి పూలు. ఉపకులపతి గారి కెమెరాకు ఎన్ని పూలు కట్టారంటే దూలానికి అదనంగా తాడు వేయాల్సి వచ్చింది. పరీక్షల నియంత్రణాధికారి గారి దానికి ఒక్క దండతో సరిపెట్టారు.

చివరి ఉత్తర్వు గవర్రాజు గురించి. "నియంత్రకుడు మానవుడు గావున ఏమరుపాటు సహజము" అని రాసి, అతను కాసేపు మీట నొక్కకపోతే కెమెరాలు వాటంతట అవే తీసుకుంటూ పోయేలా ఏర్పాటు చేయించారు. అతనికి ఇచ్చింది స్టేడియంలో బ్యాడ్మింటన్ నెట్లు పెట్టుకునే గది. తలుపు హాల్లోకే తెరుచుకుంటుంది. తలుపు ముందు కోర్టు తెల్లగీత ఉంది. రిజిస్ట్రారు గారు దాన్ని చెప్పు కొనతో చూపించారు.

"ఈ గీత దాటితే, మన అనుబంధము అంతటితో ముగిసినట్లే."

స్నాతకోత్సవం రోజున గవర్రాజు నీలం గళ్ల చొక్కానే తొడుక్కున్నాడు. కనపడని మనిషి ఏది తొడుక్కుంటేనేం అనుకున్నాడు. సంచీలో పాత కెమెరా కూడా వేసుకున్నాడు. ఎందుకని మంగతాయారు అడగలేదు, అతనూ చెప్పలేదు.

ముఖ్య అతిథి ఢిల్లీనుంచి వచ్చిన పెద్ద శాస్త్రవేత్త. సాయంత్రం విమానానికి తిరిగి వెళ్లాలి. హాల్లో అడుగుపెట్టి నలువైపులా చూసి, "తల్లిదండ్రులెవరూ రాలేదా?" అని అడిగాడు.

"వచ్చారు సార్. మెస్సులో ఉన్నారు. చప్పట్లు కూడా అక్కడే కొడుతున్నారు," అన్నారు రిజిస్ట్రారు గారు.

పట్టాల పంపకం మొదలైంది. మొదటి విద్యార్థి, ముఖ్య అతిథి పట్టా పట్టుకుని నిలబడ్డారు. పక్కనే ఉపకులపతి గారు పైకప్పు వైపు చూస్తూ చిరునవ్వు నవ్వుతున్నారు. ముఖ్య అతిథి కూడా ఒకసారి పైకి చూశాడు.

"అక్కడేముందండీ?"

"నా కెమెరా," అన్నారు ఉపకులపతి గారు, పెదవులు కదపకుండా.

తెరవెనక ధ్రువీకరణ మండలిలో నవ్వు మీద వాదం పడింది. అది నవ్వు కాదు, నవ్వబోవడం అన్నారు మనస్తత్వశాస్త్రం వారు. నవ్వబోవడం కూడా చట్టరీత్యా నవ్వే అన్నారు న్యాయశాస్త్రం వారు. "పునః" అని మైకు పలికింది. ముఖ్య అతిథి పట్టా వదిలేసి రెండో విద్యార్థి వైపు తిరగబోయాడు. మొదటి విద్యార్థి వదల్లేదు. గుంజుకున్నట్టయింది. "ధ్రువీకరణ కాలేదు సార్, దయచేసి పట్టుకోండి," అన్నారు రిజిస్ట్రారు గారు వినయంగా. ఆయన పట్టుకున్నాడు.

అలా ఒక్కొక్కరే గడిచారు. మధ్యాహ్న భోజనం చల్లారింది. మెస్సులో ఉన్న బంధువులకు వడ్డన మొదలుపెట్టారు గానీ వేదిక మీది వాళ్లకు లేదు. ఉపకులపతి గారి మెడ పైకి తిరిగి తిరిగి అక్కడే బిగుసుకుపోయింది. మంచినీళ్ల గ్లాసు ఇస్తే పైనుంచి పోసుకోవాల్సి వచ్చింది. దూరవిద్య వాళ్ల వంతు ఆఖరున కనుక, మంగతాయారు పేరు పిలిచేటప్పటికి ముఖ్య అతిథి చేతులు వణకడం మొదలైంది.

గదిలో గవర్రాజు ఏడు తెరల ముందు కూర్చున్నాడు. ఒకదాంట్లో నడినెత్తి. ఒకదాంట్లో బంతిపూలు. ఒకదాంట్లో ఎవరి మోచెయ్యో. నాలుగో తెరలో మాత్రం పక్కనుంచి మంగతాయారు నడిచి వస్తోంది. నల్ల గౌను కింద పసుపుపచ్చ చీర కుచ్చిళ్లు. జడలో మల్లెపూలు. అతను కుర్చీని ఆ తెర దగ్గరికి జరుపుకున్నాడు.

ఆమె పట్టా పుచ్చుకుంది. ముందుకు తిరిగింది. ఎర్రదీపాల వైపు చూడకుండా, హాలు మూలన తెరిచి ఉన్న నెట్ల గది తలుపు వైపు చూసింది.

"పునః," అంది మైకు. "గ్రహీత దృష్టి నిర్దేశిత దీపము వైపు లేదు."

ఆమె కదల్లేదు.

"పునః. అమ్మా, దయచేసి దీపము వైపు చూడవలసిందిగా కోరడమైనది."

"ఏ దీపం వైపండి? ఏడున్నాయి," అంది మంగతాయారు. ఆ ఖాళీ హాల్లో మాట మైకు లేకుండానే అన్ని మూలలకూ వినపడింది.

"ఏదో ఒకటి చూడండమ్మా," అన్నాడు ముఖ్య అతిథి బతిమాలుతున్నట్టు.

"మీమీద గౌరవం లేక కాదండి. మా స్టూడియోకి వచ్చిన చంటిపిల్ల కూడా మనిషిని చూసే నవ్వుద్ది, దీపాన్ని చూసి నవ్వదు. మా ఆయన తీస్తారు. వచ్చేదాకా పట్టుకుంటాను. మీకు చేతులు నొప్పెడితే మీరు వదిలేయండి."

ఆయన వదలబోయాడు. "ధ్రువీకరణ కాలేదు సార్," అన్నారు రిజిస్ట్రారు గారు.

ఇక ఆ వేదిక మీద ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. ధ్రువీకరించనిదే తర్వాతి పేరు పిలవకూడదు. ఆమె చూడనిదే ధ్రువీకరించకూడదు. ముఖ్య అతిథి వాచీ ఉన్న చెయ్యే పట్టాకు అంటుకుపోయింది. ఉపకులపతి గారు పైకప్పు వైపు చూస్తూనే, "ఏం జరుగుతోంది కింద?" అని అడిగారు.

గవర్రాజు మీటమీదనుంచి చెయ్యి తీశాడు. స్టూడియో అద్దె గుర్తొచ్చింది. తెల్లగీత గుర్తొచ్చింది. ఖాళీ పీట వైపు చూసి నవ్వుతున్న పెళ్లికూతురు గుర్తొచ్చింది. సంచీలోంచి పాత కెమెరా తీసి మెళ్లో వేసుకుని గీత దాటేశాడు.

గీత దాటాక మాత్రం అతనికి భయం ఉండలేదు. అలవాటైన చోటు అది. వేదిక ముందు చేరి, వీపంతా ఖాళీ కుర్చీలకు అప్పగించి, ఒక మోకాలు నేలకానించాడు.

"సార్, కొంచెం ఇటండి. పట్టా పైకెత్తండి. వీసీ గారూ, పైకి కాదండి, ఇటు, నా వేలు చూడండి. అదీ. తాయారూ, గడ్డం కొంచెం దించు."

ఎవరూ అతన్ని నువ్వెవరని అడగలేదు. ఎన్నో ఏళ్లుగా ఆ గొంతుకు తిరిగిన మెడలు వాటంతట అవే తిరిగాయి. రిజిస్ట్రారు గారు కూడా కండువా సరిచేసుకున్నారు. ఉపకులపతి గారి మెడ పొద్దుటినుంచి మొదటిసారి కిందికి దిగింది, చిన్న చప్పుడు కూడా వచ్చింది. మంగతాయారు అతన్ని చూసి నవ్వింది. అతనూ నవ్వాడు. క్లిక్కుమంది.

"అయిపోయిందండి."

అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ముఖ్య అతిథి పట్టా వదిలి, రెండు చేతులూ దులుపుకుని, "ఈయన్ని ఇంతసేపు ఎక్కడ దాచారండీ?" అన్నాడు. మిగిలిన వాళ్లందరి పట్టాలూ, విమానం అందేలా, 'ఇటండి', 'అయిపోయిందండి' అనే రెండు మాటలతో అయిపోయాయి. అంతసేపూ మీట నొక్కేవాడు లేక, ఏడు కెమెరాలూ ఉత్తర్వు ప్రకారం వాటంతట అవే తీసుకుంటూ పోయాయి.

విచారణకు మళ్లీ కమిటీ వేశారు. గీత దాటిన తర్వాతి ఫోటోలన్నిటిలోనూ, పైనుంచీ, వెనకనుంచీ, మూలలనుంచీ, నీలం గళ్ల చొక్కా ఉంది. నిరుడు ఒక్క పేపర్లో ఒక్క ఫోటోలో పడిన వీపు, ఈ ఏడు విశ్వవిద్యాలయం సొంత ఖర్చుతో సంపూర్ణంగా పడింది. గవర్రాజు మోకాలిమీద కూర్చుని తీసిన ఫోటోల్లో మాత్రం అందరి మొహాలూ స్పష్టంగా ఉన్నాయి. "అవి మానవ హస్తముచే తీయబడినందున ఆమోదయోగ్యములు కావు" అని తేల్చి, స్మారక సంచికలో నడినెత్తి వేశారు. ఉపకులపతి గారు రహస్యంగా పోలినాయుడిని స్టూడియోకు పంపి, మానవ హస్తముచే తీయబడిన ఫోటో ఒకటి పెద్ద సైజులో ఇంటికి తెప్పించుకున్నారు. ఎవరు తీశారని అడిగితే కెమెరా తీసిందని చెప్పమన్నారట.

గవర్రాజుతో అనుబంధం ముగిసింది. అది కష్టంగానే ఉంది, లేదనడం అబద్ధం. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు ఉంటాయి కాబట్టి బండి నడుస్తోంది. వచ్చే ఏడాదికి విశ్వవిద్యాలయం వారు వేరే పద్ధతి ఆలోచిస్తున్నారు. పట్టా పుచ్చుకునేవారు వేదిక మీద లేకపోతే దృష్టి సమస్య రాదని మండలి సూచించింది.

సంజాయిషీ కోరుతూ పెద్ద కవరు వచ్చింది. న్యాయశాస్త్రం వారు దేనికో అప్పుడు తెలిసింది. "మీ వీపు ఎందులకు అగుపడినదో తెలుపవలెను. సాక్ష్యముగా ఒక ఛాయాచిత్రము జతచేయడమైనది. చూసిన పిమ్మట దానిని భద్రముగా తిప్పి పంపవలెను" అని ఉంది. జతచేసింది నాలుగో కెమెరా ఫోటో, స్తంభానికి మనిషెత్తున కట్టినది. కుడిమూల రిజిస్ట్రారు గారి ముద్ర కూడా ఉంది.

మంగతాయారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. పక్కనుంచి తీసిన ఫోటో కనుక అందులో వీపు సగమే ఉంది. వేదిక అంచున పట్టా పట్టుకుని ఆమె నవ్వుతోంది. కింద మోకాలిమీద కూర్చుని, కెమెరా కాస్త దించి, ఆమెను చూసి గవర్రాజు నవ్వుతున్నాడు. కెమెరాకు చుట్టిన దండలోంచి ఊడిన బంతిరేకులు గాజుకు అడ్డంపడి, ఇద్దరి తలలమీదా పచ్చగా, మసకగా రాలుతున్నాయి.

"ఏవండీ," అంది. "ఇన్నాళ్లకి మీరు ఫోటోలో పడ్డారు." కళ్లు తుడుచుకుని, "తలంబ్రాలు కూడా పడ్డాయి చూడండి," అంది.

ఆ ఫోటో తిప్పి పంపలేదు. రెండు నెలలకు గుర్తుచేస్తూ ఒక ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత ఇంకోటి, 'తక్షణము' అనే మాట కింద గీత గీసి. గవర్రాజు కంగారుపడుతుంటే మంగతాయారే కలం తీసుకుని, వాళ్లకు అర్థమయ్యే భాషలో జవాబు రాసింది.

"అయ్యా, వీపు మా ఆయనదే. సదరు ఛాయాచిత్రము మా ఇంటి గోడకు కలదు. తిప్పి పంపుట ప్రస్తుత పరిస్థితులలో సాధ్యము కాదు. చూడదలచినచో కెమెరాలను పంపవద్దు, మనుషులు రావలెను. వచ్చినవారికి టీ ఇవ్వబడును.

ఇట్లు,
దొమ్మేటి మంగతాయారు, బి.ఏ."